సూది వద్దన్నప్పుడు అడ్డొస్తున్నది దేవుడేనా?

ఒడిశాలో ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో నూటికి 90.5 మందికి ప్రాథమిక టీకాలన్నీ పడ్డాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పెద్ద రాష్ట్రాల్లో అదే అందరికన్నా ఎక్కువ. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ 73 దగ్గర ఆగిపోయింది. దేశం మొత్తానికి సగటు 76 చిల్లర.

ఈ అంకెలు సరిహద్దులో బతికే తెలుగువాళ్లను ఆలోచనలో పడేయాలి. ఎందుకంటే ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని బ్రహ్మపురం (బరంపురం) వచ్చినంత మాత్రాన మన దేవతలు మారిపోరు. అటు స్వేచ్ఛావతి అమ్మవారు, ఇటు బుఢీ ఠాకురాణి, రాయగడలో మజ్జిగౌరి. అటూ ఇటూ అవే ఘటాలు, అమ్మవారికి పోసే అవే పసుపునీళ్ల ముర్రాటలు, అదే వేపాకు. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ ఆ ఊళ్ల మధ్యే. నమ్మకమే టీకాకు అడ్డమైతే, అమ్మవార్లను ఇంత గాఢంగా కొలిచే ఒడిశా ముందు వరసలో ఎలా నిలబడింది? రాష్ట్ర సగటు జిల్లాల మధ్య తేడాలను దాచేస్తుందన్న మాట నిజమే. గంజాం మైదానంలో రోడ్డు పక్క ఊరికీ, గజపతి కొండల్లో నడిచి ఎక్కాల్సిన గూడేనికీ ఒకే లెక్క వర్తించదు. అయినా ఇంత తేడాను దేవుడి ఖాతాలో రాసేయడం కుదరదు.

‘మాకు పనికిరాదు, మా దేవుడు ఒప్పుకోడు’ అనే మాట వినగానే ఆరోగ్య సిబ్బంది ‘మూఢనమ్మకం’ అని రాసుకుని పక్కింటికి వెళ్లిపోతారు. ఆ ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని సంగతులు చాలా ఉంటాయి. ఒక ఇంట్లో అది జబ్బు ఎందుకొస్తుందన్న దాని గురించిన ఆలోచన. మరో ఇంట్లో సీసాలో ఏముందోనన్న అనుమానం. ఇంకో ఇంట్లో ప్రభుత్వం మీద పాత భయం. కొన్ని ఇళ్లలో అసలు నమ్మకంతో పనే లేదు, కార్డు పోయింది, సిగ్గుపడి దేవుడి పేరు చెబుతున్నారు. దేనికి ఏది జవాబో తెలియాలంటే ముందు వీటిని విడదీసి చూడాలి.

అమ్మోరు ఇంటికొచ్చినప్పుడు

మన వైపు బిడ్డకు ఒంటి మీద పొక్కులు లేస్తే జబ్బు చేసిందని అనరు, అమ్మోరు పోసిందంటారు. మశూచి ఉన్న రోజుల్లో అది పెద్దమ్మవారు. ఇప్పుడు మిగిలినవి ఆటలమ్మ, తట్టు. గుమ్మానికి వేపమండలు కడతారు. పొయ్యి మీద నూనె కాగనివ్వరు, పోపు పెట్టరు. బయటివాళ్లను లోపలికి రానివ్వరు. బిడ్డను కసురుకోరు, కొట్టరు, ఎందుకంటే ఆ రోజుల్లో బిడ్డ ఒంట్లో ఉన్నది తల్లి. చల్లటి పదార్థాలే పెడతారు. ఎండిపోయాక వేపాకు, పసుపు వేసిన నీళ్లు పోసి, అమ్మోరికి ముర్రాట తీసుకెళ్లి చల్లబరిచి వస్తారు.

ఈ ఆచారంలో మంచి చాలా ఉంది. రోగిని వేరుగా ఉంచడం, పరిశుభ్రంగా చూడడం, బిడ్డను విశ్రాంతిగా వదిలేయడం, ఇల్లంతా ఒక నియమంలోకి రావడం. ఆసుపత్రి లేని కాలంలో తల్లులకు చేతనైన వైద్యం అదే. దాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. తట్టు దద్దుర్లు కనబడడానికి నాలుగు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుకుంటుంది. వేపమండ గుమ్మానికి ఎక్కేసరికే వీధిలో పిల్లలకు అది పాకేసి ఉంటుంది. టీకా లేని జనంలో ఒక్క రోగి నుంచి 12 నుంచి 18 మందికి తట్టు సోకుతుందని వైద్యుల లెక్క. అందుకే దాన్ని ఆపాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలంటారు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. అమ్మోరు ఇంట్లో ఉండగా మందు వాడితే తల్లికి కోపం వస్తుందని ఆసుపత్రికి తీసుకెళ్లరు. తట్టులో ప్రాణం తీసేవి దద్దుర్లు కావు. వాటి వెనకాల వచ్చే న్యుమోనియా, విరేచనాలు, మెదడువాపు. తట్టు వచ్చిన ప్రతి బిడ్డకూ విటమిన్ ఏ రెండు రోజులు వరసగా వెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏడాది దాటిన పిల్లలకు ఒక్కో మోతాదు 2 లక్షల యూనిట్లు. చూపు పోకుండా, ప్రాణం పోకుండా అది కాపాడుతుంది. దద్దుర్లు మాడిపోయాక ‘తల్లి శాంతించింది’ అని ఊపిరి పీల్చుకుంటారు గానీ, పాత జబ్బుల మీద ఒంటికి ఉన్న జ్ఞాపకాన్ని తట్టు చెరిపేస్తుంది, ఆ బిడ్డ నెలల తరబడి వేరే జబ్బులకు సులువుగా లొంగిపోతుంది. ముర్రాట పోసిన మరుసటి నెలలో న్యుమోనియాతో పోయిన బిడ్డ మరణాన్ని ఎవరూ తట్టుతో కలిపి చూడరు.

మరి టీకా మాటేమిటి? ఇక్కడ తల్లుల ఆలోచనలో ఒక తర్కం ఉంది. రాని అమ్మోరిని సూదితో ఎందుకు పిలవాలి అంటారు. ఆ మాటను మూర్ఖత్వమని కొట్టిపారేయకూడదు. తట్టు, రుబెల్లాలకు కలిపి వేసే టీకాలో ఉన్నది బలహీనపరిచిన ప్రాణమున్న వైరసే. టీకా పడ్డ వారం పది రోజులకు కొందరు పిల్లలకు జ్వరం వస్తుంది. నూటికి ఐదుగురికి అటూ ఇటుగా సన్నగా దద్దుర్లు కూడా లేస్తాయి. ముందే చెప్పకపోతే ఆ తల్లి ఏమనుకుంటుంది? సూది వల్ల అమ్మోరికి కోపం వచ్చిందనుకుంటుంది. ఆ ఇంట్లో రెండో బిడ్డకు టీకా పడదు, పక్కింట్లోనూ పడదు. టీకా వేశాక నాలుగు మాటలు చెప్పాలని మన కార్యక్రమంలోనే నియమం ఉంది: ఏ టీకా వేశారు, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ ఇబ్బంది రావచ్చు, కార్డు జాగ్రత్త. రద్దీలో మొదట ఎగిరిపోయేది ఆ మూడో మాటే. ‘వారం పదిరోజులకు చిన్నగా పేలవచ్చు అమ్మా, అది ఎవరికీ అంటుకోదు, రెండు మూడు రోజుల్లో పోతుంది’ అని ముందే చెప్పిన చోట ఆ దద్దుర్లు చూసి ఎవరూ బెదరరు.

ఈ నేలకు టీకా కొత్తేమీ కాదు

దేవత ఒక వైపు, టీకా ఒక వైపు నిలబడి పోరాడాయన్న కథ చాలామంది బుర్రల్లో ఉంది. చరిత్ర అలా లేదు. ఇంగ్లీషువాళ్ల టీకా రాకముందే బెంగాల్, ఒడిశా ప్రాంతాల్లో మశూచికి టీకా వేసే సంప్రదాయం ఉండేది. మశూచి పొక్కులోని పదార్థాన్ని దాచి ఉంచి, ముంజేతి మీద చిన్నగా గీరి అంటించేవారు. జబ్బు తేలిగ్గా వచ్చి పోయేది, జీవితకాలం మళ్లీ రాదు. 1767లో హోల్వెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీన్ని చూసి లండన్‌లో వివరంగా అచ్చు వేయించాడు. ఆ పని చేసేవాళ్లలో బ్రాహ్మణులు ఉండేవారని, ముందు నుంచే పథ్యం పెట్టేవారని, పూజ కూడా అందులో భాగమేనని రాశాడు. అంటే దేవతను పూజిస్తూనే టీకా వేశారు. తల్లిని మెల్లగా, మర్యాదగా పిలిచి, మెల్లగా సాగనంపడమన్నమాట. ఆ పద్ధతిలో ప్రమాదమూ ఉంది. అది అసలు మశూచే కాబట్టి నూటికి ఒకరో ఇద్దరో చనిపోయేవారు, చుట్టుపక్కలకు సోకే వీలూ ఉండేది. మామూలుగా మశూచి వస్తే నూటికి ఇరవై ముప్పై మంది పోయేవారు కాబట్టి జనం ఆ చిన్న ప్రమాదానికి సిద్ధపడ్డారు.

1796లో జెన్నర్ ఆవు మశూచితో చేసిన టీకా 1802లో బొంబాయి చేరింది. అది పాత పద్ధతికన్నా ఎంతో క్షేమం. కానీ జనానికి అందులో చాలా లోటుగా తోచింది. పథ్యం లేదు, పూజ లేదు, ఊళ్లో తెలిసిన మనిషి కాదు, సర్కారు మనిషి. పైగా మొదట్లో ఒకరి చేతి మీది పొక్కు నుంచి తీసి ఇంకొకరి చేతికి వేసేవారు, అది ఏ కులం చెయ్యో తెలియదు. తర్వాత దూడల ఒంటి మీద పెంచి తీసేవారు, అది వింటేనే చాలామందికి మనసు వికలమయ్యేది. 1880లో వచ్చిన చట్టం పాత పద్ధతిని నిషేధించి, పట్టణాల్లో పిల్లలకు కొత్త టీకాను తప్పనిసరి చేసే దారి తెరిచింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, అక్కడ 1884లో సొంత చట్టమే వచ్చింది. ఊరి ఆచారంలో భాగంగా ఉన్న పని అలా పోలీసు భయంతో ముడిపడ్డ పనిగా మారింది. నా ఉద్దేశంలో టీకా మీద మనవాళ్ల అనుమానంలో సగం అక్కడ పుట్టింది.

దూడల నుంచి తీసిన మందు అంటే గాంధీజీకి కూడా గిట్టేది కాదు. అది అశుచి అని, హింస అని, మశూచి టీకాను ఆయన గట్టిగా వ్యతిరేకిస్తూ రాశారు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఆ విషయంలో ఆయన పొరబడ్డారనే చెప్పాలి. 1974లో మొదటి ఐదు నెలల్లోనే మశూచి దాదాపు 15,000 ప్రాణాలు తీసింది. ఎక్కువ మంది బీహార్, ఒడిశా, బెంగాల్ వాళ్లే. ఏడాది తిరగకుండా, 1975 మేలో, దేశంలో చివరి కేసు నమోదైంది. 1980లో ప్రపంచమంతటా మశూచి పోయిందని ప్రకటించారు. ఇల్లిల్లూ తిరిగి, జబ్బు కనబడ్డ ఊరి చుట్టూ అందరికీ టీకా వేసి సాధించిన ఫలితం అది. కొన్ని చోట్ల రాత్రిపూట ఇళ్లలో జొరబడి, పట్టుకుని మరీ వేశారన్నదీ రికార్డుల్లో ఉంది. ఆ బలవంతం జ్ఞాపకాలు కూడా ఆ విజయంతోపాటే మిగిలాయి.

మశూచి పోయిన తర్వాత అమ్మోరు ఏమైంది? ఎక్కడికీ పోలేదు. బ్రహ్మపురంలో బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి చైత్రంలో నెల రోజులు నడుస్తూనే ఉంది. తెలుగు నేల నుంచి వలస వచ్చిన దేరా నేతగాళ్లు తెచ్చుకున్న సంప్రదాయమని చెప్పుకునే ఆ యాత్రలో దేశి బెహెరా వీధికి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టే వస్తుంది. ఆడవాళ్లు ఘటాలు ఎత్తుకుంటారు, పులి వేషాలు ఆడతాయి. ఆ గుంపులో చేతి మీద మశూచి టీకా మచ్చ ఉన్న పెద్దవాళ్లు ఎందరో. ఏ ఒక్కరూ టీకా వల్ల తమ తల్లి ఓడిపోయిందని అనుకోరు. జబ్బు పోయింది, తల్లి ఉంది. ‘నీ దేవతను వదులుకుంటేనే టీకా’ అన్నట్టు మాట్లాడే డాక్టర్లు ఈ యాత్ర చూడాలి.

సీసాలో ఏముంది

ఇది వేరే రకం ప్రశ్న, నిజాయితీగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న. కొన్ని టీకాలు పాడవకుండా ఉండడానికి జెలటిన్ కలుపుతారు. అది జంతువుల నుంచి వస్తుంది, కొన్నిటిలో పంది నుంచి. 2018లో ఇండోనేసియాలో తట్టు, రుబెల్లా టీకా మీద పెద్ద వివాదం చెలరేగింది. ఆ టీకా మన దేశంలో తయారైనదే. అక్కడి ఉలేమా మండలి పరిశీలించి, తయారీలో పంది పదార్థం వాడారు కాబట్టి అది నిషిద్ధమేనని, కానీ వేరే టీకా లేదు, వేయకపోతే పిల్లలకు ముప్పు కాబట్టి వాడుకోవచ్చని ఫత్వా ఇచ్చింది. అంతకుముందు 1995లో కువైట్‌లో కూడిన ఇస్లామీ పండితులు, వైద్యులు ఇంకో దారి చెప్పారు: ఒక పదార్థం పూర్తిగా వేరే పదార్థంగా మారిపోతే దాని నిషేధం కూడా పోతుందని. దారులు వేరైనా తీర్పు ఒకటే. మెదడు పొరలవాపు టీకా వేయించుకోనిదే హజ్‌కు వెళ్లడానికి సౌదీ ప్రభుత్వం ఒప్పుకోదన్న సంగతి ప్రతి మసీదులో తెలిసినదే. 2021 రంజాన్ నెలలో కోవిడ్ సూది వేయించుకుంటే ఉపవాసం భంగం కాదని చాలామంది ఉలేమాలు చెప్పారు.

హిందువుల వైపు 2021 జూన్‌లో కోవాగ్జిన్‌లో ఆవుదూడ రక్తం ఉందని వాట్సాప్‌లో తిరిగింది. హైదరాబాద్‌లో తయారైన ఆ టీకాకు వైరస్‌ను పెంచే కణాలను ముందుగా ఎదగనివ్వడానికి దూడ సీరం వాడతారు. ఆ తర్వాత కణాలను కడిగేస్తారు. చివరికి తయారైన టీకాలో ఆ సీరం ఉండదని కేంద్రం వివరణ ఇచ్చింది. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. ‘అసలు జంతువుతో సంబంధమే లేదు’ అని అబద్ధం చెప్పి తర్వాత దొరికిపోతేనే నష్టం.

కేథలిక్కులకు ఇంకో అభ్యంతరం ఉంది. రుబెల్లా టీకా వైరస్‌ను పెంచే మానవ కణాల వరస 1960ల్లో గర్భస్రావం చేయించిన పిండం నుంచి మొదలైంది. వాటికన్ దీన్ని చాలాకాలం చర్చించి, వేరే టీకా దొరకనప్పుడు వేయించుకోవచ్చంది. కోవిడ్ టీకాల విషయంలో 2020 డిసెంబరులో అదే మాట రాతపూర్వకంగా చెప్పింది. గర్భిణికి రుబెల్లా సోకితే కడుపులోనే బిడ్డ పోవచ్చు, లేదా గుండె, కళ్లు, చెవులు దెబ్బతిని పుట్టవచ్చు. గర్భంలోని ప్రాణం మీద గౌరవంతో ఆ అభ్యంతరం చెప్పేవాళ్లు ఈ మాట కూడా తూకంలో వేసుకోవాలి.

మొత్తం మీద చూస్తే పెద్ద మతాల్లో ఏదీ తన శాస్త్రంలో టీకాను నిషేధించలేదు. నెదర్లాండ్స్‌లోని కొన్ని ప్రొటెస్టెంటు సంఘాల్లాంటి చిన్న గుంపులు మాత్రం దేవుడి చిత్తానికి అడ్డు పడకూడదని ఆగిపోయాయి. 1992–93లో అక్కడ పోలియో వచ్చి 71 మందికి సోకింది, అంత బాగా టీకాలు వేసే దేశంలో.

గజపతి కొండల్లో 666

గజపతి జిల్లా జనాభాలో క్రైస్తవులు మూడో వంతుకు పైనే. సవరలు ఎక్కువ. పర్లాకిమిడిలో తెలుగు బాప్టిస్టు కుటుంబాలూ ఉన్నాయి. 2021లో అక్కడివాళ్ల ఫోన్లలో తెలుగు వీడియోలు జోరుగా తిరిగాయి. టీకా పేరుతో ఒంట్లో చిప్ పెడుతున్నారని, అదే 666 ముద్ర అని, వేయించుకుంటే పరలోకం లేదని. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం చెప్పే ముద్ర కుడిచేతి మీద గానీ నొసటి మీద గానీ ఉంటుంది. అది లేనివాళ్లు కొనలేరు, అమ్మలేరు. సరిగ్గా అదే రోజుల్లో ప్రయాణానికి, ఉద్యోగానికి, కొన్ని చోట్ల దుకాణంలోకి వెళ్లడానికి కూడా సర్టిఫికెట్ అడిగారు. పుకారు అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం అదే. జనం చదివిన వాక్యానికీ చూస్తున్న లోకానికీ పోలిక కుదిరింది.

దీనికి నర్సు దగ్గర జవాబు ఉండదు. ‘చిప్ లేదమ్మా, అర మిల్లీలీటరు నీరే’ అని ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఉపయోగం తక్కువ. ఎందుకంటే అడుగుతున్న ప్రశ్న ఆత్మ గురించి. ఆ అధ్యాయంలో ముద్ర అంటే మృగానికి మొక్కేవాళ్ల గుర్తు, తెలిసి చేసే ఆరాధనకు సంబంధించినది, జ్వరం రాకుండా వేసుకునే మందుకు సంబంధం లేదని చెప్పగలిగేది పాస్టరు. ఆరోగ్యంగా ఉన్నవారికి వైద్యుడు అక్కరలేదు, రోగులకే కావాలని యేసు అన్న మాటను, లూకా వైద్యుడన్న సంగతిని ఆయన గుర్తుచేస్తే ఆ ఇంటికి అది చేరుతుంది. పైగా ఈ కొండల్లో, పక్కనున్న రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో, తరాలుగా వైద్యం చేస్తున్నవి మిషన్ ఆసుపత్రులే. అక్కడ పుట్టిన పిల్లలకు అక్కడే టీకాలు పడ్డాయి.

సవరల్లో, కొంధుల్లో చర్చికి వెళ్లనివాళ్ల ఆలోచన వేరు. పోయినవాళ్ల ఆత్మలో, కొండ దేవతలో ఏదో కోరి జబ్బు పంపుతారు. బెజుణి అనే పూజారిణి పూని అడిగి తెలుసుకుంటుంది, దిశారి అనే జోస్యుడు మంచి రోజు చూస్తాడు. ఈ ఆలోచనలో మందుకు చోటు లేకపోలేదు. జబ్బు ఎందుకొచ్చిందో బెజుణి చెబుతుంది, ఒంట్లో జబ్బు తగ్గడానికి గునియా (నాటు వైద్యుడు) ఆకు మందు ఇచ్చినా, ఆసుపత్రి మాత్ర ఇచ్చినా తీసుకుంటారు. టీకా రోజును దిశారితో ముందే మాట్లాడి ఖాయం చేసుకుంటే సగం పని అయిపోతుంది. ఊళ్లో పండుగ, నోము, చావు మైల ఉన్న రోజున బండి తీసుకొచ్చి, ఎవరూ రాలేదని ‘నిరాకరణ’ అని రాసుకుపోతే అది రాసినవాళ్ల తప్పు.

నమ్మనిది సూదినా, సూది వేసేవాళ్లనా

ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో పోలియో చుక్కలను చాలా ముస్లిం కుటుంబాలు వద్దన్నాయి. పిల్లలు పుట్టకుండా చేసే మందని అనుమానం. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు వచ్చాయి. దాన్ని మత సమస్య అన్నారు. దాని వెనక 1975–77 ఎమర్జెన్సీలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జ్ఞాపకం ఉంది. వేరే జబ్బులకు రాని డాక్టర్లు పోలియోకు మాత్రం నెలనెలా ఇంటికెందుకు వస్తున్నారన్న న్యాయమైన ప్రశ్నా ఉంది. అలీగఢ్, జామియా మిల్లియా వంటి విశ్వవిద్యాలయాలు, మసీదు ఇమాములు, అదే బస్తీకి చెందిన ఆడవాళ్లు పనిలోకి దిగాక తలుపులు తెరుచుకున్నాయి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది. ఈ పదేళ్లలో జనం మతం మార్చుకోలేదు, వాళ్ల ఇంటికి వచ్చే మనిషి మారింది.

మన సరిహద్దులో దీనికి దగ్గరి ఉదాహరణ మల్కన్‌గిరి. 2016లో సెప్టెంబరు నుంచి మూడు నెలల్లో అక్కడ వందమందికి పైగా పిల్లలు మూర్ఛలతో, మెదడువాపు లక్షణాలతో చనిపోయారు. తలచుకుంటే ఇప్పటికీ గుండె పిండినట్టవుతుంది. మొదట అందరూ జపనీస్ మెదడువాపు అన్నారు. కొందరిలో ఆ వైరస్ ఉంది కూడా. అది పందుల్లో పెరిగి దోమల ద్వారా మనుషులకు వస్తుంది కాబట్టి పందులను ఊళ్లకు దూరంగా పెట్టమన్నారు. అక్కడి ఆదివాసులకు పంది అంటే ఆస్తి, మొక్కు, పండుగ. తర్వాత నిపుణుల బృందం పరిశీలించి, చాలా మరణాలకు బణ చాకుండ, అంటే మన అడవి కసింద గింజల్లోని విషం కారణమని తేల్చింది. ఆకలితో ఉన్న పిల్లలు ఆ కాయలు తిన్నారు.

ఆ తర్వాత జిల్లాలో జపనీస్ మెదడువాపు టీకాలు వేశారు. వేయాల్సిందే, ఆ వైరస్ అక్కడ ఉంది. కానీ కసింద విషాన్ని ఏ టీకా ఆపదు. ‘ఈ సూది వేయించుకుంటే పిల్లలు ఇంక పోరు’ అని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ తర్వాత కసింద గింజ తిని ఒక్క బిడ్డ పోయినా ఊరంతా సూదిని అబద్ధమంటుంది. టీకా దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపదో కచ్చితంగా చెప్పడం అందుకే అంత ముఖ్యం. నమ్మకం లేదని ఆదివాసులను తప్పుపట్టే ముందు, ఆకలి తీర్చకుండా సూదితో వెళ్లినవాళ్లను వాళ్లు ఎందుకు నమ్మాలో కూడా చెప్పాలి.

కార్డు ఒడియాలో, పురుడు ఇచ్ఛాపురంలో

సరిహద్దు తెలుగు ఇళ్లలో టీకా తప్పిపోవడానికి నేను ఎక్కువగా చూసే కారణం ఇది. పెద్దలెవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు. బ్రహ్మపురం కోడలు పురిటికి పుట్టింటికి, శ్రీకాకుళం వైపు వెళ్తుంది. పుట్టిన రోజు వేసే బీసీజీ, పోలియో చుక్కలు, కామెర్ల టీకా అక్కడి ఆసుపత్రిలో పడతాయి. ఆరో వారం, పదో వారం కూడా అక్కడే. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను తీసుకుని అత్తింటికి వస్తుంది. ఇక్కడి ఆశా దీదీ పుస్తకంలో ఆ బిడ్డ పేరే ఉండదు. తెలుగు కార్డు చూపిస్తే ఆమెకు చదవడం రాదు. ఆమె ఒడియాలో అడిగితే కొత్త కోడలికి అర్థం కాదు. అత్తగారు అడ్డొచ్చి ‘మాకు వద్దులెండి, అమ్మోరు చూసుకుంటుంది’ అంటుంది. ఆ మాటలో భక్తి కన్నా మొహమాటం ఎక్కువ.

సూరత్ మరమగ్గాలకు వెళ్లే గంజాం కుటుంబాలదీ ఇదే పరిస్థితి. రెండు డోసులు ఇక్కడ, మూడోది ఎక్కడో. యూ-విన్ పేరుతో దేశమంతా ఒకే ఆన్‌లైన్ రికార్డు తెస్తున్నారు. అది సరిహద్దు ఊళ్లలో సక్రమంగా పనిచేస్తే ‘నమ్మకం లేని’ కుటుంబాలు చాలా వరకు మాయమవుతాయని నా అంచనా. అంతదాకా తెలుగూ ఒడియా రెండూ వచ్చిన ఒక మనిషిని మమతా దివస్ (ఊళ్లో తల్లీబిడ్డలను చూసి టీకాలు వేసే రోజు) నాడు కూర్చోబెడితే చాలు. అలాంటి మనిషి ప్రతి వీధిలోనూ ఉంటుంది.

జగన్నాథుడి జ్వరం

నమ్మకంలోంచే మాట్లాడదామంటే ఒడిశాలో అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. జ్యేష్ఠ పౌర్ణమి నాడు స్నానం చేశాక జగన్నాథుడికి జ్వరం వస్తుంది. పదిహేను రోజులు అణసర గృహంలో ఒంటరిగా ఉంటాడు, దర్శనం ఉండదు. దైతలనే సేవకులు సేవ చేస్తారు, మూలికల మందులు పెడతారు, మహాప్రసాదం బదులు పళ్లూ పానకమూ. కోలుకున్నాకే రథం ఎక్కుతాడు. మందు తినడం దేవుడి మీద నమ్మకం లేకపోవడమైతే, దేవుడే ఎందుకు మందు తింటాడు? పర్లాకిమిడిలో, బ్రహ్మపురంలో ఏ ముసలమ్మను అడిగినా ఈ కథ చెబుతుంది. టీకా మాట ఎత్తాల్సింది ఆమె ఆ కథ చెప్పడం ముగించిన చోటి నుంచి. 2021 ఆగస్టులో పూరీ గుడి తిరిగి తెరిచినప్పుడు రెండు డోసుల సర్టిఫికెట్ గానీ కోవిడ్ లేదన్న పరీక్ష కాగితం గానీ చూపిస్తేనే లోపలికి పంపారు. అంత పెద్ద క్షేత్రం ఆ మాట అడిగితే భక్తులు తప్పు పట్టలేదు.

బుఢీ ఠాకురాణి ఘటాలు ఎత్తే ఆడవాళ్లు, ఊరి అమ్మోరి పూజారి, పాస్టరు, ఇమాము, దిశారి వీళ్లందరినీ ఏదైనా గొడవ వచ్చాక కాకుండా, ఏమీ లేని రోజుల్లోనే కలవాలి. తట్టు టీకాలో ఏముందో, ఏ రోజున దద్దుర్లు లేస్తాయో వాళ్లకు విడమరిచి చెప్పాలి. వాళ్లు అడిగే ప్రశ్నలకు ఆరోగ్య శాఖ జవాబు సిద్ధం చేసుకోవాలి. ఇంట్లో అమ్మోరు ఉన్నప్పుడు వేపమండ కట్టుకోనివ్వాలి, ముర్రాట పోసుకోనివ్వాలి, దాంతోపాటే విటమిన్ ఏ వేయించాలి, ఆయాసం వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక తప్పిపోయిన డోసుల సంగతి. తట్టు, రుబెల్లా టీకా మొదటిది 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేయాలి. ఆ వయసు దాటిందని వదిలేయనక్కరలేదు, ఐదేళ్లు నిండేదాకా వేస్తారు. బీసీజీ ఏడాది లోపు ఎప్పుడైనా వేయించవచ్చు. ఆంధ్రాలో మొదలుపెట్టిన టీకాలను ఒడిశాలో కొనసాగించవచ్చు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. పాత కార్డు ఏ భాషలో ఉన్నా, చిరిగినా పట్టుకెళ్లండి. అదీ లేకపోతే బిడ్డను ఎత్తుకుని అలాగే వెళ్లండి. కార్డు లేదని టీకా వేయకుండా తిప్పి పంపకూడదు. అలా పంపితే అక్కడే నిలబడి గట్టిగా అడగండి.